ఇన్ఫోలో మెనూ పట్టుకుని దారి తెలుసుకోవడం

లైనక్స్ కొత్తగా నేర్చుకునేవాళ్లు సిస్టమ్‌తో పాటు వచ్చిన మాన్యువళ్లను టెర్మినల్‌లో చదివించే ఇన్ఫో అనే ప్రోగ్రామును ఏదో ఒక రోజు తెరుస్తారు. తెర నిండా అక్షరాలు వస్తాయి. కింది బాణం కీ నొక్కుతూ పోతారు. ఎక్కడున్నారో, ఎటు వెళ్తున్నారో తెలియక కాసేపటికి మూసేసి, ఫోను తీసి వెతుక్కుంటారు. నేను అమీర్‌పేటలో సాయంత్రం బ్యాచ్‌లకు లైనక్స్ చెబుతాను. కరీంనగర్, ఖమ్మం, అనంతపురం నుంచి వచ్చి ఎస్సార్ నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలే నా దగ్గర ఎక్కువ. "మేడమ్, ఈ పేజీ ఎక్కడ అయిపోతుంది?" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ఇన్ఫోలో అంత పొడవైన పేజీ అంటూ ఏదీ లేదు. ఉన్నవన్నీ చిన్న చిన్న ముక్కలు, వాటి మధ్య దారులు. ఆ దారుల్లో ముఖ్యమైనది మెనూ. మెనూ వాడడం చేతనైతే మిగతా కీలు వాటంతట అవే అలవాటవుతాయి కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

ఇంత శ్రద్ధ ఎందుకంటే రెండు కారణాలు. మా దగ్గర చాలామంది రెడ్ హ్యాట్ కంపెనీ లైనక్స్ అడ్మినిస్ట్రేటర్లకు పెట్టే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షకు తయారవుతారు. ఆ పరీక్షలో ఇంటర్నెట్ ఉండదు. సిస్టమ్‌తో పాటు వచ్చిన డాక్యుమెంటేషన్ మాత్రం చూసుకోవచ్చు. రెండో కారణం ఇంకా పెద్దది. ఇంటర్నెట్‌లో దొరికే జవాబు ఎవరి యంత్రం మీద, ఏ వెర్షన్ మీద పనిచేసిందో మనకు తెలియదు. ఇన్ఫోలో ఉన్న పుస్తకం మామూలుగా మీ యంత్రంలో ఉన్న వెర్షన్‌తో పాటు వచ్చినదే. అందులో ఉన్న ఆప్షన్ మీ దగ్గర పనిచేస్తుంది. ఇంత నమ్మకమైన పుస్తకం చేతికందే దూరంలో ఉండగా తెరవకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

కీల పేర్లను, కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి. ఉత్తగా ఎమ్ అంటే చిన్న ఎమ్. షిఫ్ట్ పట్టుకుని కొట్టాల్సినప్పుడు పెద్ద జీ, పెద్ద హెచ్ అని విడిగా చెబుతాను. ఇన్ఫోలో చిన్న అక్షరానికీ పెద్ద అక్షరానికీ పనులు వేరు.

ముందుగా తెరవడం

ఉబుంటు, డెబియన్ రకం లైనక్స్ ఉన్నవాళ్లు ఏపీటీ అనే ఇన్‌స్టాల్ కమాండుతోనూ, ఫెడోరా, రెడ్ హ్యాట్ ఉన్నవాళ్లు డీఎన్ఎఫ్‌తోనూ ఇన్ఫో అనే ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసుకోండి. చాలా యంత్రాల్లో అది ముందే ఉంటుంది. టెర్మినల్‌లో ఇన్ఫో అని మాత్రమే కొట్టి ఎంటర్ నొక్కితే డైరెక్టరీ నోడ్ తెరుచుకుంటుంది. యంత్రంలో ఉన్న ఇన్ఫో పుస్తకాలన్నింటి జాబితా అది. బయటికి రావడానికి క్యూ. ఏదైనా కీ నొక్కాక చిక్కుకుపోయినట్టు అనిపిస్తే కంట్రోల్ పట్టుకుని జీ నొక్కండి, సగంలో ఉన్న పని రద్దవుతుంది. ఈ రెండూ తెలిస్తే భయం లేకుండా ఏ కీ అయినా నొక్కి చూడవచ్చు.

ఈ ప్రోగ్రాము వెబ్ కంటే పాతది. రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టు మాన్యువళ్ల కోసం టెక్స్‌ఇన్ఫో అనే పద్ధతిని 1980ల మధ్యలోనే తెచ్చారు. ఒకే మూలం నుంచి అచ్చు పుస్తకమూ రావాలి, తెర మీద చదివే పుస్తకమూ రావాలి అన్నది ఉద్దేశం. తెర మీద చదవడం మొదట ఈమాక్స్ ఎడిటర్‌లోనే జరిగేది. ఈమాక్స్ లేకుండా టెర్మినల్‌లో నేరుగా నడిచే ఇన్ఫోను బ్రయన్ ఫాక్స్ రాశారు. టెర్మినల్‌లో మనం కొట్టే కమాండ్లను నడిపించే బాష్ షెల్‌ను మొదలుపెట్టింది కూడా ఆయనే. టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను ప్రతిపాదించింది 1989లో. మౌసు నొక్కుళ్లు అలవాటు కాని కాలంలో పుట్టింది కాబట్టి, ఇన్ఫోలో ప్రతి పనికీ ఒక అక్షరం ఉంది.

నోడ్ అంటే ఏమిటి, మెనూ ఎక్కడ ఉంటుంది

తెర మీద మీకు కనిపించే ఒక్కో ముక్కను నోడ్ అంటారు. ప్రతి నోడ్‌కూ ఒక పేరు ఉంటుంది. పైన మొదటి వరుసలో నెక్స్ట్, ప్రీవ్, అప్ అని మూడు దారులు కనిపిస్తాయి. నెక్స్ట్ అంటే ఇదే వరుసలో తరవాతి నోడ్, ప్రీవ్ అంటే ముందుది, అప్ అంటే పై మెట్టు. కింద అడ్డంగా ఉన్న పట్టీలో పుస్తకం పేరు, నోడ్ పేరు ఉంటాయి. నా విద్యార్థులకు మొదట చెప్పేది ఇదే: ఏ కీ నొక్కినా, నొక్కిన వెంటనే ఆ కింది పట్టీ చదవండి. మీరెక్కడున్నారో అది చెబుతుంది.

హైదరాబాద్ పాత ఇంటి నంబర్లు చూశారు కదా. ముందు వార్డు, తరవాత బ్లాకు, ఆ తరవాత ఇల్లు, మధ్యలో గీతలు. నంబరు చదివితేనే ఆ ఇల్లు దేని లోపల దేనిలో ఉందో తెలిసిపోతుంది. ఇన్ఫో పుస్తకం కట్టిన తీరు అదే. డైరెక్టరీ లోపల పుస్తకం, పుస్తకం లోపల అధ్యాయం, అధ్యాయం లోపల విభాగం. పై మెట్టు నుంచి కింది మెట్టుకు దించేది మెనూ.

మెనూను గుర్తుపట్టడం తేలిక. నక్షత్రం గుర్తు, పక్కన మెనూ అనే మాట, కోలన్ ఉన్న వరుసతో అది మొదలవుతుంది. దాని కింద ఒక్కో వరుసా నక్షత్రం గుర్తుతోనే మొదలవుతుంది. ఈ వరుసలు రెండు రకాలు. మొదటి రకంలో పేరు తరవాత వెంటవెంటనే రెండు కోలన్లు ఉంటాయి. అంటే మెనూలో కనిపించే పేరే నోడ్ పేరు కూడా. రెండో రకంలో పేరు తరవాత ఒకే కోలన్, దాని తరవాత వెళ్లబోయే చోటు వేరుగా రాసి ఉంటుంది. డైరెక్టరీ నోడ్‌లో ఈ రెండో రకమే ఎక్కువ. అక్కడ ఎల్ఎస్ (ఫోల్డరులోని ఫైళ్ల జాబితా చూపే కమాండ్) అనే వరుస చూస్తే కోలన్ తరవాత కుండలీకరణాల్లో కోర్‌యుటిల్స్ అని, దాని పక్కన ఎల్ఎస్ ఇన్వొకేషన్ అని ఉంటుంది. కుండలీకరణాల్లో ఉన్నది పుస్తకం, పక్కన ఉన్నది ఆ పుస్తకంలోని నోడ్. అంటే ఎల్ఎస్‌కు విడిగా పుస్తకం లేదు, కోర్‌యుటిల్స్ పుస్తకంలో ఒక నోడ్ ఉంది అని ఆ ఒక్క వరుసతోనే తెలిసిపోయింది.

ప్రతి వరుస చివరా చిన్న వివరణ ఉంటుంది. దాన్ని దాటేయకండి. రాసినవాళ్లు ఆ నాలుగు మాటలు చాలా ఆలోచించి పెట్టారు. మెనూ చదవడమంటే ఆ వివరణలు పైనుంచి కిందికి చదవడమే.

ఎమ్ కీ

ఇప్పుడు ఒక దారిలో కలిసి వెళ్దాం. ఇన్ఫో అని కొట్టి, ఖాళీ వదిలి, కోర్‌యుటిల్స్ అని కొట్టండి. అక్షరాలు సీ, ఓ, ఆర్, ఈ, యూ, టీ, ఐ, ఎల్, ఎస్. మనం రోజూ వాడే ఎల్ఎస్, సీపీ, సార్ట్, డేట్ లాంటి కమాండ్లన్నింటి పుస్తకం అది. మీరు దాని టాప్ నోడ్‌లో ఉంటారు. పెద్ద మెనూ కనిపిస్తుంది: ఇంట్రడక్షన్, కామన్ ఆప్షన్స్, అవుట్‌పుట్ ఆఫ్ ఎంటైర్ ఫైల్స్... ఇలా అధ్యాయాలు.

మన పని ఇది: ఒక ఫోల్డరులో విద్యార్థుల ఫైళ్లు రికార్డ్1, రికార్డ్2, ఇలా రికార్డ్10 దాకా ఉన్నాయి. ఎల్ఎస్ కొడితే రికార్డ్1 తరవాత రికార్డ్10 వస్తోంది, రికార్డ్2 దాని తరవాత వస్తోంది. అంకెల వరుసలో రావాలంటే ఏం చేయాలి?

ఎమ్ నొక్కండి. తెర అట్టడుగున మెనూ ఐటమ్ అని అడుగుతుంది. అక్కడ అధ్యాయం పేరు కొట్టాలి. మనకు కావలసింది డైరెక్టరీ లిస్టింగ్. పూర్తిగా కొట్టనక్కరలేదు. కొన్ని అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే, ఎంతవరకు అనుమానం లేకుండా పూర్తి చేయవచ్చో అంతవరకు ఇన్ఫోయే పూర్తి చేస్తుంది. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఇక్కడ పట్టించుకోదు. అయితే డీ, ఐ, ఆర్ అని మూడక్షరాలే కొట్టి ట్యాబ్ నొక్కితే ఆగిపోతుంది. ఎందుకంటే టాప్ నోడ్‌లో అధ్యాయాల మెనూ కింద ఇంకో పొడవైన జాబితా ఉంది, పుస్తకంలోని అన్ని విభాగాల పేర్లతో. డిటెయిల్డ్ నోడ్ లిస్టింగ్ అని దాని పేరు. అది కూడా మెనూలో భాగమే. అందుకని డిర్, డిర్‌కలర్స్, డిర్‌నేమ్ అనే కమాండ్ల నోడ్‌లు కూడా పోటీకి వస్తాయి. అలాంటప్పుడు ప్రశ్న గుర్తు నొక్కండి. ఆ అక్షరాలతో మొదలయ్యే పేర్లన్నీ చిన్న కిటికీలో చూపిస్తుంది. చూసుకుని డైరెక్టరీ, ఖాళీ, ఎల్ దాకా కొట్టి ట్యాబ్ నొక్కితే పేరు పూర్తవుతుంది. ఎంటర్ నొక్కండి.

ఈ ట్యాబ్, ప్రశ్న గుర్తుల జంటను నేను బోర్డు మీద రాసి ఉంచుతాను. పేరు సగం గుర్తున్నా, స్పెల్లింగ్ తెలియకపోయినా పని ఆగకూడదన్నదే వాటి ఉద్దేశం. మధ్యలో మనసు మారితే కంట్రోల్, జీ.

ఇప్పుడు డైరెక్టరీ లిస్టింగ్ నోడ్‌లో ఉన్నారు. ఇక్కడి మెనూ చిన్నది. ఎల్ఎస్, డిర్, వీడిర్, డిర్‌కలర్స్, అంతే. మొదటిదే మనకు కావాలి. ఇలాంటప్పుడు పేరు కొట్టే శ్రమ కూడా అక్కరలేదు, 1 అంకె నొక్కండి. 1 నుంచి 9 వరకు ఏ అంకె నొక్కితే మెనూలో అన్నో వరుసకు నేరుగా వెళ్తారు. సున్నా నొక్కితే మెనూలో చివరి వరుస. పదో వరుస నుంచి అంకెలు పనికిరావు. టాప్ నోడ్‌లో డైరెక్టరీ లిస్టింగ్ సరిగ్గా పదోది, అందుకే అక్కడ ఎమ్ వాడాం. పొట్టి మెనూలకు అంకెలు, పొడుగు మెనూలకు ఎమ్ అని పెట్టుకుంటే చేయి తడబడదు.

ఎల్ఎస్ ఇన్వొకేషన్ నోడ్ తెరుచుకుంది. పైన వివరణ ఉంది, మెనూ కిందెక్కడో ఉంది. చాలామంది ఇక్కడ మెనూ లేదనుకుంటారు. మెనూ తెర మీద కనబడకపోయినా ఎమ్ పనిచేస్తుంది, అంకెలు కూడా పనిచేస్తాయి. మీరు నోడ్‌లో ఏ వరుస దగ్గరున్నా మెనూ ఆ నోడ్ మొత్తానికీ చెందుతుంది. ఎమ్ నొక్కి ఏమీ కొట్టకుండా ప్రశ్న గుర్తు నొక్కితే మెనూలోని పేర్లన్నీ వస్తాయి. అందులో సార్టింగ్ ది అవుట్‌పుట్ ఉంది. ఎమ్, ఎస్, ఓ అని మొదలుపెట్టి ట్యాబ్. లేదా అది మూడోది కాబట్టి 3.

వచ్చేశాం. ఆప్షన్లు ఒక్కొక్కటిగా ఉన్నాయి. పెద్ద ఎస్ పెడితే పెద్ద ఫైళ్లు ముందు. చిన్న టీ పెడితే కొత్తగా మారినవి ముందు. పెద్ద ఎక్స్ పెడితే ఎక్స్‌టెన్షన్ వరుసలో. చిన్న ఆర్ పెడితే ఉన్న వరుస తలకిందులు. చిన్న వీ పెడితే పేర్లలోని అంకెలను అంకెలుగానే లెక్కగట్టి వరుస పెడుతుంది. ఎల్ఎస్, ఖాళీ, హైఫన్, వీ. రికార్డ్2 ఇప్పుడు రికార్డ్10 కంటే ముందొస్తుంది.

ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తోంది. ఈ ప్రశ్నను ఇంటర్నెట్‌లో వెతికితే వీ అనే ఒక్క అక్షరం దొరికేది. మెనూ దారిలో వచ్చాం కాబట్టి దాని పక్కనే సైజు వరుస, కాలం వరుస, ఎక్స్‌టెన్షన్ వరుస కనిపించాయి. పై మెట్టులో ఫైళ్ల వివరాల విభాగం, తారీఖుల ఫార్మాట్ విభాగం ఉన్నాయని కూడా తెలిసింది. వెతుకులాటకు మనకు ముందే ప్రశ్న తెలిసి ఉండాలి. అడగాలని తట్టని ప్రశ్నలను మెనూ మన ముందు పెడుతుంది. చదువుకునే పిల్లలకు రెండోదే ఎక్కువ అవసరం. ఏడాది పొడవునా ఎల్ఎస్ వాడుతూ, కాలం ప్రకారం వరుస పెట్టవచ్చని తెలియని విద్యార్థి తెలివి తక్కువవాడు కాదు. అతనికి ఆ మెనూ ఎవరూ చూపించలేదు, అంతే.

ట్యాబ్‌తో నడిచే పద్ధతి

పేర్లు కొట్టడం ఇష్టం లేనివాళ్లు ట్యాబ్ నొక్కుతూ పోవచ్చు. నోడ్‌లో ట్యాబ్ నొక్కిన ప్రతిసారీ కర్సర్ తరవాతి లింకు మీదికి దూకుతుంది. కావలసిన వరుస మీదికి రాగానే ఎంటర్. కర్సర్ మెనూ వరుస మీద ఉండగా ఎమ్ నొక్కినా సరే, ఆ వరుస పేరును ఇన్ఫో ముందుగానే సూచిస్తుంది, మీరు ఎంటర్ కొడితే చాలు. వెబ్ పేజీలకు అలవాటైనవాళ్లకు ఈ పద్ధతి దగ్గరగా ఉంటుంది. నేను మాత్రం మొదటి వారం ఎమ్‌తోనే నడిపిస్తాను. పేరు కొట్టినప్పుడు అధ్యాయం పేరు మనసులో నిలుస్తుంది.

వెనక్కి రావడం

దిగడానికి ఒకటే దారి ఉన్నా, వెనక్కి రావడానికి మూడున్నాయి. వీటిని కలగాపులగం చేసుకోవడం వల్లే పిల్లలు దారి తప్పుతారు.

యూ నొక్కితే పై మెట్టుకు వెళ్తారు. సార్టింగ్ ది అవుట్‌పుట్‌లో యూ నొక్కితే ఎల్ఎస్ ఇన్వొకేషన్, మళ్లీ నొక్కితే డైరెక్టరీ లిస్టింగ్, మళ్లీ నొక్కితే టాప్, ఇంకోసారి నొక్కితే పుస్తకాలన్నీ ఉన్న డైరెక్టరీ. మీరు ఏ దారిలో వచ్చారన్నది దీనికి అనవసరం. పుస్తకం ఎలా కట్టి ఉందో దాన్నిబట్టే పోతుంది.

ఎల్ నొక్కితే మీరు ఇంతకుముందు చూసిన నోడ్‌కు వెళ్తారు. ఇది మీరు నడిచిన దారిని గుర్తుపెట్టుకుంటుంది.

పీ నొక్కితే అదే మెట్టులో ముందున్న నోడ్‌కు వెళ్తారు. ఎన్ దీనికి జంట, తరవాతి నోడ్‌కు తీసుకెళ్తుంది.

తేడా తెలియాలంటే ఒక పని చేయండి. కొత్త కోర్‌యుటిల్స్ ఉన్న యంత్రంలో, సార్టింగ్ ది అవుట్‌పుట్ నోడ్‌లో వీ ఆప్షన్ దగ్గర వెర్షన్ సార్ట్ ఆర్డరింగ్ అనే నోడ్ చూడమని ఒక సూచన ఉంటుంది. దాని మీదికి ట్యాబ్‌తో వెళ్లి ఎంటర్ కొట్టండి. ఆ నోడ్ పుస్తకంలో విడి అధ్యాయం. అక్కడ యూ నొక్కితే ఎల్ఎస్‌కు రారు, నేరుగా టాప్‌కు పోతారు. ఎల్ నొక్కితేనే చదువుతున్న చోటికి తిరిగొస్తారు. మెనూలో దిగినప్పుడు యూ, సూచన పట్టుకుని పక్కకు వెళ్లినప్పుడు ఎల్. ఇది పట్టుబడితే ఎంత దూరం వెళ్లినా తిరిగిరాగలరు.

పుస్తకం మొదటికి టీ. పుస్తకాల జాబితాకు డీ. ప్రస్తుత నోడ్ పై అంచుకు బీ.

స్పేస్ బార్ గురించి ఒక హెచ్చరిక. స్పేస్ నొక్కితే ఒక తెర కిందికి జరుగుతుంది, సరే. నోడ్ చివరికి వచ్చాక మళ్లీ నొక్కితే మాత్రం ఆగదు. ఆ నోడ్‌లో మెనూ ఉంటే అందులోని మొదటి వరుసలోకి దిగిపోతుంది. మెనూ లేకపోతే తరవాతి నోడ్‌కు పోతుంది. పుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా వరసగా చదవాలనుకునేవాళ్లకు ఇది వరం, స్పేస్ తప్ప వేరే కీ అక్కరలేదు. ఒకే విషయం కోసం వచ్చినవాళ్లకు మాత్రం తెలియకుండానే నోడ్ మారిపోతుంది. అందుకే కింది పట్టీ చదవమన్నాను.

సూచనలు, ఇండెక్సు

వాక్యాల మధ్యలో నక్షత్రం గుర్తు, నోట్ అనే మాటతో కనిపించేవి మెనూ వరుసలు కావు, వేరే చోటికి సూచనలు. వాటికి ఎమ్ పనిచేయదు, ఎఫ్ నొక్కాలి. ఎఫ్ తరవాత కూడా ట్యాబ్, ప్రశ్న గుర్తు అలాగే పనిచేస్తాయి.

ఐ నొక్కి ఒక మాట కొడితే పుస్తకం వెనకాల ఉన్న ఇండెక్సులో వెతికి ఆ చోటికి తీసుకెళ్తుంది. అదే మాటకు ఇంకో చోటు ఉంటే కామా నొక్కితే అక్కడికి వెళ్తారు. మెనూతో కొంత పరిచయం అయ్యాక దీన్ని వాడండి. ఐతో చేరిన తరవాత ఒకసారి యూ నొక్కి ఆ నోడ్ ఏ అధ్యాయంలో ఉందో చూడడం మంచి అలవాటు. ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఇన్ఫోలో ఇండెక్సు కూడా ఒక మెనూయే. కోర్‌యుటిల్స్ టాప్ నోడ్‌లో కాన్సెప్ట్ ఇండెక్స్‌కు వెళ్లి అక్కడ ఎమ్ నొక్కండి. ఇండెక్సులోని ప్రతి మాటా మెనూ వరుసలాగే పలుకుతుంది. సార్ట్ అని కొట్టి ప్రశ్న గుర్తు నొక్కితే ఆ మాటతో మొదలయ్యే వరుసలన్నీ ఒక్కసారే కనిపిస్తాయి.

దారిని రాసుకోవడం

కష్టపడి కనుక్కున్న నోడ్ మర్నాడు మళ్లీ దొరకకపోతే చిరాకేస్తుంది. నా విద్యార్థుల చేత నోటు పుస్తకంలో దారి రాయిస్తాను, మధ్యలో కామాలు పెట్టించి: కోర్‌యుటిల్స్, డైరెక్టరీ లిస్టింగ్, ఎల్ఎస్ ఇన్వొకేషన్, సార్టింగ్ ది అవుట్‌పుట్. కామాలు ఎందుకంటే ఇన్ఫోలో పెద్ద జీ నొక్కితే సరిగ్గా ఇలాంటి వరుసనే అడుగుతుంది. కామాలతో కొట్టి ఎంటర్ నొక్కితే పుస్తకాల డైరెక్టరీతో మొదలుపెట్టి ఒక్కో మెనూ దిగుతూ చివరి నోడ్‌కు చేరుస్తుంది. టెర్మినల్ నుంచే అదే పని చేయాలంటే ఇన్ఫో తరవాత ఆ పేర్లనే వరసగా ఇవ్వాలి. పేరులో ఖాళీ ఉంటే దాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి. చిన్న జీ వేరు: అది నోడ్ పేరు ఒక్కటే అడిగి నేరుగా దూకుతుంది. పరీక్ష హడావుడిలో చిన్న జీ బాగుంటుంది. నేర్చుకునేటప్పుడు పెద్ద జీ మేలు.

మెనూ లేదని చెబితే

ఒక్కోసారి ఎమ్ నొక్కితే ఈ నోడ్‌లో మెనూ లేదని ఇంగ్లీషులో ఒక వరుస వస్తుంది. విభాగాల్లో అట్టడుగుకు వచ్చేశారని ఒక అర్థం. యూ నొక్కి పైకి రండి. రెండో కారణం ఇంకొకటి ఉంది. అడిగిన పేరుతో ఇన్ఫో పుస్తకం యంత్రంలో లేకపోతే, ఇన్ఫో దానికి బదులు మ్యాన్ పేజీని, అంటే ఆ కమాండు గురించి ఒకే పేజీగా ఉండే మాన్యువల్‌ను, చూపిస్తుంది. కింది పట్టీలో మ్యాన్‌పేజెస్ అని కనిపిస్తే సంగతి అదే. మ్యాన్ పేజీలో మెనూలు ఉండవు.

డెబియన్, ఉబుంటుల్లో కొన్ని పుస్తకాలు లేకపోవడానికి ఒక చరిత్ర ఉంది. మార్చకూడని భాగాలున్న గ్నూ మాన్యువళ్లు తమ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాలకు సరిపోవని డెబియన్ సభ్యులు 2006లో ఓటు వేసి తేల్చారు. అప్పటి నుంచి అలాంటి మాన్యువళ్లు ప్రధాన విభాగంలో కాకుండా నాన్-ఫ్రీ విభాగంలో ఉంటున్నాయి. ఈమాక్స్ మాన్యువల్ కావాలంటే ఈమాక్స్-కామన్-నాన్-డీఎఫ్ఎస్‌జీ అనే ప్యాకేజీని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఈ తగాదాలో ఎవరిది న్యాయమన్నది పెద్ద చర్చ. కానీ కొత్త విద్యార్థి ప్రోగ్రాము ఉండి పుస్తకం లేని యంత్రం ముందు కూర్చోవడం మంచిది కాదని నా అభిప్రాయం. అందుకే మా ల్యాబులో యంత్రం సిద్ధం చేసినప్పుడే ఆ ప్యాకేజీలు కూడా వేస్తాం.

ఈమాక్స్ వాడేవాళ్లు కంట్రోల్ పట్టుకుని హెచ్, ఆ తరవాత ఐ నొక్కితే ఇవే పుస్తకాలు అక్కడే తెరుచుకుంటాయి. ఎమ్, యూ, ఎల్, అంకెలు అన్నీ దాదాపు అలాగే ఉంటాయి. అదనపు సౌకర్యం ఒకటి: మెనూలో మూడో, ఆరో, తొమ్మిదో వరుసల నక్షత్రాలు వేరే రంగులో కనిపిస్తాయి. అంకె నొక్కేముందు వేలు పెట్టి లెక్కపెట్టుకునే పని తప్పుతుంది.

కీలు మరిచిపోతే పెద్ద హెచ్ నొక్కండి, పట్టిక వస్తుంది. చిన్న హెచ్ నొక్కితే పాఠం మొదలవుతుంది. ఒక కీ చెప్పి, అప్పుడే నొక్కించి ముందుకు నడిపే పాఠం అది. తీరిక చేసుకుని పూర్తిచేయండి.

ఇంట్లో చేయడానికి ఒక పని

ఫీజు బాకీల జాబితాకో, హాజరు పట్టీకో కిందటి నెల పేరు కావాల్సి వస్తుంది. డేట్ కమాండ్‌కు ఒక నెల వెనక్కి అని చెబితే సరిపోతుందని చాలామంది స్క్రిప్టులో రాసేస్తారు. అది రాసేముందు ఈ దారిలో వెళ్లండి. ఇన్ఫోలో డీ నొక్కండి. ఎమ్ నొక్కి కోర్‌యుటిల్స్. అక్కడ మళ్లీ ఎమ్, డేట్ ఇన్‌పుట్ ఫార్మాట్స్. డేట్ ఇన్వొకేషన్ అనే మరో పేరు కూడా పోటీకి వస్తుంది, కాబట్టి డేట్ తరవాత ఖాళీ, ఐ, ఎన్, పీ దాకా కొట్టి ట్యాబ్. ఆ అధ్యాయం మెనూ మొత్తం చదవండి. తారీఖును ఎన్ని రకాలుగా చెప్పవచ్చో అక్కడే తెలుస్తుంది. చివరగా రిలేటివ్ ఐటమ్స్ ఇన్ డేట్ స్ట్రింగ్స్ అనే నోడ్‌లోకి దిగి కింది దాకా చదవండి. 31వ తారీఖున ఒక నెల వెనక్కి అడిగితే ఏమవుతుందో అక్కడ 2003 జులై 31 ఉదాహరణతో రాసి ఉంది. జూన్‌కు 31వ తారీఖు లేదు కాబట్టి జవాబు మళ్లీ జులై 1 దగ్గరే తేలవచ్చు. దానికి మందు కూడా ఆ పక్కనే ఉంది: ఇవాళ్టి తారీఖు బదులు ఈ నెల 15ను తీసుకుని అక్కడి నుంచి ఒక నెల వెనక్కి వెళ్లమని. ఆ ఉదాహరణను మీ టెర్మినల్‌లో కొట్టి చూడండి, తరవాత మీ స్క్రిప్టులో ఆ వరుస దిద్దుకోండి.